కుడి సీటు, ఎడమ సీటు

మా రైల్వేకి ఒకప్పుడు విమానాలుండేవంటే ఎవరూ నమ్మరు. ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున నాతోపాటు నడిచే బృందంలో ఇద్దరు రిటైర్డ్ సైంటిస్టులు, ఒక తెలుగు మాస్టారు, ఆర్టీసీలో ఆడిట్ చేసి దిగిపోయిన ఒకాయన ఉన్నారు. నలుగురూ నవ్వేశారు. "పట్టాల మీద బండినే టైముకి నడపలేరు మీరు, ఇంక గాల్లో కూడానా!" అన్నాడు ఆర్టీసీ ఆయన. అయ్యా, మీ బస్సులూ మావే అన్నాను. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ పెట్టింది. ఇవాళ్టి ఆర్టీసీ దాని మనవడు. తార్నాక ఆర్టీసీ ఆసుపత్రిలో బీపీ చూపించుకున్నప్పుడల్లా తమరు మా రైల్వే వాళ్ళ లాలాగూడ వైపు తిరిగి ఒక దండం పెట్టుకోవాలి. 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ అని విమానాల కంపెనీ పుడితే, అందులోనూ పెద్ద వాటా ఆ రైల్వేదే. బేగంపేట నుంచి డకోటా విమానాలు ఎగిరేవి. రైలూ, బస్సూ, విమానమూ ఒక్క ఇంటి పిల్లలు.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకు తీశానంటే, మా వీధిలో ఒక పైలట్ కుర్రాడున్నాడు. ఒకే వారంలో వాడి చేతికి రెండు ఉద్యోగాల ఉత్తరాలొచ్చాయి. అప్పట్నుంచి వాడికి నిద్ర లేదు, వాడి పుణ్యమా అని నాకూ లేదు. మీకూ కాస్త పంచుదామని కూర్చున్నాను. చాయ్ తెచ్చుకోండి, సంగతి కొంచెం పొడుగు.

కుర్రాడు అంటున్నాగానీ ఇరవయ్యేడు నిండాయి. వాళ్ళ నాన్న హబ్సిగూడ వైపు ల్యాబుల్లో ఒకదాంట్లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. తార్నాకలో ఇలాంటి ఇళ్ళు వీధికి పది. నాన్నది ఐఐసీటీయో, సీసీఎంబీయో, ఎన్‌జీఆర్‌ఐయో. పిల్లలు ఇంజనీరింగు, ఆపైన డాలస్. వీడొక్కడే ఇంటర్ అవగానే ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. చూపిస్తే అయిపోతుందా? 200 గంటలు నడిపితేగానీ కమర్షియల్ లైసెన్సు ఇవ్వరు. ఆ గంటలకీ, ఆ తర్వాత ఫలానా రకం విమానం నడపడానికి విడిగా చేసే టైప్ రేటింగుకీ కలిపి వాళ్ళ ఫ్లాటు కాగితాలు బ్యాంకుకి వెళ్ళాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఉద్యోగమొచ్చి మూడేళ్ళు దాటింది. ఎయిర్‌బస్‌లో కుడి సీటు. అంటే కో పైలట్. ఎడమ సీటు కెప్టెన్‌ది. ఆ రెండు సీట్ల మధ్య దూరం చూస్తే జానెడు. దాటడానికి పట్టేది ఏళ్ళు. 1,500 గంటలు నిండి పెద్ద లైసెన్సు చేతికొచ్చినా, కంపెనీలో మన వంతు వచ్చిందాకా కుడివైపే కూర్చోవాలి. వంతు వచ్చాక ట్రైనింగు, సిమ్యులేటర్ పరీక్షలు, వాటిలో గట్టెక్కితేనే భుజం మీద నాలుగో గీత.

మరి పైలట్ కుర్రాడు నా దగ్గరికెందుకొచ్చాడు అంటారా? నేను ముప్పై ఒక్క ఏళ్ళు సికింద్రాబాద్‌లో రైలు డ్రైవర్లకి డ్యూటీలు వేశాను. లోకో పైలట్లు అనడం తర్వాత వచ్చింది. మా రోజుల్లో డ్రైవర్లే. షంటర్, గూడ్సు డ్రైవరు, ప్యాసింజరు డ్రైవరు, మెయిల్ డ్రైవరు... ఒక్కొక్క మెట్టు ఎక్కడానికి ఎవరెన్నాళ్ళు కాచుకున్నారో నా రిజిస్టర్లు చెప్పేవి. ఆ సంగతి వాళ్ళ నాన్న వాడి చెవిన వేసినట్టున్నాడు.

ఒకరోజు పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు గట్టుమీద కూర్చున్నాం. కింద గ్రౌండులో కానిస్టేబుల్ ఉద్యోగాల పిల్లలు పరుగు ప్రాక్టీసు చేస్తున్నారు. చెట్ల కింద గ్రూప్స్ పిల్లలు పుస్తకాలు తెరిచారు. ఒక్క ఉద్యోగం కోసం ఇన్ని వేలమంది చెమటలు కక్కుతున్న చోట, రెండు ఉద్యోగాలు ఎక్కువై బాధపడుతున్నవాడు వచ్చి నా పక్కన కూలబడ్డాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు, పైన టీషర్టు, కింద యూనిఫాం ప్యాంటు, కళ్ళు మిరపకాయలు.

"అంకుల్, ఏం చేద్దామంటరు?"

మొదటి ఉత్తరం పాత, పెద్ద కంపెనీది. అమెరికా దాకా వెళ్ళే పెద్ద విమానాలు, అందులోనూ కుడి సీటే. బేస్ ఢిల్లీ. రెండోది కొత్త కంపెనీ. జీతం ఇప్పటికంటే మూడో వంతు ఎక్కువ, బేస్ హైదరాబాద్, అమ్మ చేతి పప్పు. పైగా రెండేళ్ళలో ఎడమ సీటు అన్నారట.

"అన్నారా, రాశారా?" అన్నాను.

"అన్నరు."

నడక బృందం అప్పటికే చుట్టూ మూగింది. తెలుగు మాస్టారు, "ఎయిర్ ఇండియా అయితే కళ్ళుమూసుకుని చేరు నాయనా, సర్కారు నౌకరీ" అన్నారు. అది 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్ళిపోయిందని చెబితే ఆయన నమ్మడానికి ఒక ప్రదక్షిణం పట్టింది. సైంటిస్టులిద్దరూ, మూతబడని కంపెనీ ఏదో చూసుకోమన్నారు. మంచి సలహాయే. మూతబడేముందు ఏ కంపెనీ అయినా మూతబడనిదే, అదీ చిక్కు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ ఆఖరి విమానం 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబయికి వచ్చి దిగింది. గో ఫస్ట్ 2023 మే నెలలో. పదకొండేళ్ళలో మూడు పెద్ద ఇళ్ళు. వాటిలో చేరినరోజు ఆ పైలట్ల ఇళ్ళల్లోనూ స్వీట్లు పంచే ఉంటారు.

వెనకటి పైలట్లకి ఈ తలనొప్పి లేదు. 1953లో డెక్కన్ ఎయిర్‌వేస్‌తో కలిపి ఎనిమిది కంపెనీలను తీసుకుని ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు దేశంలో తిరగాలంటే అదీ, విదేశాలకి పోవాలంటే ఎయిర్ ఇండియా. ఎంచుకోవడానికి ఏముంది? ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ట్రైనింగ్ సెంటర్ మన ఫిరోజ్‌గూడలోనే. వాళ్ళ పైలట్ ఏ మూలవాడైనా సిమ్యులేటర్ కోసం హైదరాబాద్ రావాల్సిందే, బిర్యానీ తినాల్సిందే.

ఎంచుకునే హక్కు లేనివాళ్ళలో కూడా ఒకరి సంగతి వేరు. ప్రేమ్ మాథుర్ అని, అలహాబాద్‌లో విమానం నేర్చుకున్న అమ్మాయి. 1947లో లైసెన్సు తెచ్చుకుని దరఖాస్తులు పెడితే, ఆడపిల్ల నడిపితే జనం ఎక్కరని ఎనిమిది కంపెనీలు కాదన్నాయని చెబుతారు. పని ఇచ్చింది మన డెక్కన్ ఎయిర్‌వేసే. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ అలా బేగంపేటలో తయారైంది. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. ఇక్కడిదాకా చెప్పి మనవాళ్ళు మీసం తిప్పుతారు. తర్వాతది చెప్పరు. గంటలు నిండాక ఆమె ఎడమ సీటు అడిగింది. డెక్కన్ వాళ్ళు ఇవ్వలేదు. కుడి సీటులో ఆడమనిషి ఉన్నా జనానికి కనబడదు, కెప్టెన్ అంటే పేరు చెప్పాలి కదా, అదీ వాళ్ళ బెంగ కాబోలు. ఆమె రాజీనామా ఇచ్చి బిర్లా గారి సొంత విమానం నడపడానికి వెళ్ళిపోయింది. తలుపు తీసిన కంపెనీయే లోపలి గది తలుపు వేసేసింది.

ఈ కథ కుర్రాడికి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "అంటే అంకుల్, ఉద్యోగం ఇచ్చుడు వేరు, కమాండ్ ఇచ్చుడు వేరు" అన్నాడు. చూశారా, పైలట్ బుర్ర.

ఇక నా లెక్కకి వస్తాను. వాడి చేతిలో ఉన్నవి రెండు ఉత్తరాలు కావు, మూడు. మూడేళ్ళ కిందట ఇప్పటి కంపెనీ ఇచ్చిన అపాయింట్‌మెంటు ఉత్తరం వాడు మర్చేపోయాడు. అందులో ఒక తేదీ ఉంది. మా రైల్వేలోనైనా వీళ్ళ విమానాల్లోనైనా ఆ తేదీయే జాతకం. ముందు చేరినవాడు ముందు కెప్టెన్ అవుతాడు, తనకు కావలసిన ఊరు ముందు అడుగుతాడు, దసరాకి సెలవు ముందు దొరుకుతుంది. కంపెనీ మారితే మళ్ళీ వరస చివర నిలబడాలి. కెప్టెన్ అయినవాడిని వేరే కంపెనీ నేరుగా ఎడమ సీటులోకే తీసుకుంటుంది. కుడి సీటు వాడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే మారితే మరీ తొందరగా మారాలి, లేదా నాలుగో గీత పడ్డాక మారాలి. మధ్యలో మారడం అంటే సినిమా టికెట్ల లైనులో కౌంటరు కనబడుతుండగా పక్క థియేటరుకి పరిగెత్తడం.

వరస కోసం ఎంత గొడవలవుతాయో మీకు 2012 గుర్తుండే ఉంటుంది. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసిపోయాక, కొత్తగా వస్తున్న బోయింగ్ 787 మీద ట్రైనింగు ఎవరికివ్వాలన్న పేచీతో ఎయిర్ ఇండియా పైలట్లు మే నుంచి జులై దాకా 58 రోజులు సమ్మె చేశారు. బయటివాళ్ళకి అది గర్వాల గొడవలా కనబడింది. నాకు మా గూడ్సు డ్రైవర్లు, మెయిల్ డ్రైవర్లు గుర్తొచ్చారు. సీనియారిటీ లిస్టులో ఒక్క అంకె కిందకి జారిందని నా టేబుల్ మీద టిఫిను డబ్బా విసిరినవాళ్ళున్నారు. పులిహోర, పాపం.

జీతం మూడో వంతు ఎక్కువ అన్నాడు కదా. "ఎన్ని గంటలకి?" అని అడిగాను. మా డ్రైవర్లకి కిలోమీటర్ల లెక్కన అలవెన్సు ఉండేది. బండి షెడ్డులో ఉంటే కిలోమీటర్లు లేవు. పైలట్లకి గంటల లెక్క. నెలకి ఇన్ని గంటలు ఎగిరినా ఎగరకపోయినా ఇస్తామని కంపెనీ ఒప్పుకునే అంకె ఒకటి ఉంటుంది. అసలు జీతం అదే. మిగతాది ఎగిరితే వస్తుంది. 2024 ఏప్రిల్‌లో విస్తారా విమానాలు వరసగా రద్దయ్యాయి, గుర్తుందా? ఎయిర్ ఇండియాలో కలవడానికి ముందు కొత్త ఒప్పందంలో ఈ అంకెని 70 నుంచి 40కి దించారు. పైలట్లు ఒక్కసారిగా జబ్బుపడ్డారు. ఉత్తరంలో పైన కనబడే మొత్తం చూస్తే ఆ 70కీ 40కీ మధ్య తేడా తెలియదు. కుర్రాడు ఫోను తీసి కొత్త కంపెనీ ఉత్తరం మళ్ళీ చదివాడు. మొహం కొంచెం మారింది.

అదే కంపెనీ రెండేళ్ళలో కెప్టెన్ అంటోంది. కెప్టెన్ కావాలంటే వాడికి కూర్చోవడానికి ఒక విమానం కావాలి. ఆర్డరిచ్చిన విమానాల మీద ఎవరూ కూర్చోలేరు. మన దేశంలో ఈ ఆర్డర్ల మోజు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు. ఆ జూన్‌లోనే ఇండిగో 500. 2024 జనవరిలో మన బేగంపేటలోనే జరిగిన వింగ్స్ ఇండియాలో ఆకాశ ఎయిర్ 150 ప్రకటించింది, మొత్తం ఆర్డరు 226 అయింది. ఆ తర్వాత ఆ విమానాలు కట్టే బోయింగ్‌లో తయారీ చిక్కులు, కార్మికుల సమ్మె. విమానాలు రావడం ఆలస్యమై, ఆకాశ చేర్చుకున్న పైలట్లలో చాలామంది ఎగరకుండా ఖాళీగా కూర్చున్నారని పత్రికలు రాశాయి. అంతకుముందు 2023లో అదే కంపెనీ నుంచి 43 మంది పైలట్లు నోటీసు గడువు పూర్తికాకుండానే వెళ్ళిపోతే కంపెనీ బొంబాయి హైకోర్టుకెక్కింది. తప్పు ఎవరిదని నన్నడక్కండి. ఒక పెళ్ళిచూపుల్లో రెండు వైపులవాళ్ళూ అబద్ధాలాడితే ఎవరిని తిడతాం? నిబంధన మాత్రం 2017 నుంచి ఉంది: కో పైలట్ ఆరు నెలలు ముందు చెప్పాలి, కెప్టెన్ ఏడాది ముందు. కొత్త కంపెనీ, "వచ్చే నెలలో చేరండి, మిగతాది మేం చూసుకుంటాం" అంటే అక్కడ ఒక నిమిషం ఆగాలి. వేరేవాళ్ళ దగ్గర మాట తప్పమని చెప్పేవాడు మనకిచ్చిన మాట నిలుపుతాడా?

అసలు నాకు ఇష్టమైన విషయానికి ఇప్పుడొచ్చాను. రోస్టరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఉప్పు తిన్నాను. మా కాలంలో కాల్ బాయ్ అని ఉండేవాడు. డ్యూటీకి రెండు గంటల ముందు, అర్ధరాత్రయినా సరే, సైకిలు మీద లాలాగూడ క్వార్టర్సుకి వెళ్ళి తలుపు తట్టి కాల్ బుక్‌లో సంతకం పెట్టించుకునేవాడు. తలుపు తీసేది ఎప్పుడూ డ్రైవరు భార్యే. డ్రైవరు ఇంటికొస్తే 16 గంటల రెస్టు ఇవ్వాలి. ఇచ్చామని రాసేవాళ్ళం. నిజానికి ఆ పదహారు గంటల్లో ఆయన రేషన్ షాపుకెళ్ళి, కొడుకుని స్కూల్లో దింపి, అత్తగారికి మందులు తెచ్చి, నాలుగు గంటలు పడుకునేవాడు. కాగితం మీద విశ్రాంతికీ కంటి మీద నిద్రకీ పోలిక లేదని అందరికంటే నాకే బాగా తెలుసు, ఆ కాగితం రాసిందే నేను కాబట్టి.

పైలట్ల సంగతీ అంతే. కోర్టుదాకా వెళ్ళాకే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనలు అమల్లోకి తెచ్చింది. వారానికి 36 గంటలుండే విశ్రాంతి 48 అయింది. రాత్రి వేళ ఆరు ల్యాండింగుల దాకా చేయించే వీలుండేది, దాన్ని రెండుకి దించారు. రెండో విడత 2025 నవంబరు 1 నుంచి. నెల తిరగ్గానే ఇండిగో విమానాలు కుప్పకూలాయి. అయ్యో, కూలాయంటే కూలలేదు, రద్దయ్యాయి, మాట జారింది. డిసెంబరు 5 ఒక్కనాడే వెయ్యికి పైగా. శంషాబాద్‌లో ప్రయాణికులు ఇరుక్కుపోయారని టీవీల్లో ఒకటే గోల. నాకు మాత్రం ఒక్కటే అర్థమైంది: ఇన్నాళ్ళూ ఆ విమానాలు ఎవరి నిద్రతో ఎగిరాయో ఆ వారంలో దేశానికి లెక్క తెలిసింది.

కాబట్టి బేస్ అనేది అమ్మ చేతి పప్పు గురించి మాత్రమే కాదు. తార్నాక నుంచి శంషాబాద్ చేరాలంటే ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా గంట పైమాటే. పొద్దున ఆరింటి విమానానికి మూడున్నరకి క్యాబ్ వస్తుంది, రెండున్నరకి లేవాలి. బేగంపేట ఉండగా అయితే మా డాబా మీంచి దిగే విమానం కనబడేది, అరగంటలో ఇంటికి రావచ్చు. 2008 మార్చిలో అది పోయింది. అలాగని ఢిల్లీ బేస్ అంటే ఒంటరి గది, నెలకి రెండుసార్లు స్టాఫ్ టికెట్ మీద ఇంటికి, సీటు ఖాళీ ఉంటేనే. విశ్రాంతి రోజులన్నీ రానూపోనూకే సరి.

ఇవన్నీ చెప్పాక వాడు, "మీరైతే ఏది తీసుకుంటరు అంకుల్?" అన్నాడు. నేనైతే ఉన్న కంపెనీలోనే ఎడమ సీటు దాకా ఆగుతాను అన్నాను. అది నా వయసు సలహా, ఒప్పుకుంటాను. పాతికేళ్ళవాడికి అట్లాంటిక్ మీద తెల్లవారడం చూడాలనుంటుంది. అందుకని ఇంకొక మాట చెప్పాను. ఇద్దరికీ ఒకే ఉత్తరం రాయి. ఇవాళ చేరితే నాకంటే ముందు ఎంతమంది కో పైలట్లున్నారు, పోయిన ఏడాది ఎంతమందిని కెప్టెన్లని చేశారు? ఎగరకపోయినా ఎన్ని గంటల జీతమిస్తారు? మానేసి వెళ్ళకూడదనే బాండు ఎన్నేళ్ళు, మీరే నా బేస్ మారిస్తే ఆ బాండు ఏమవుతుంది? జవాబు కాగితం మీద ఇవ్వమను. ఫోన్లో చెప్పింది గాలిమాట, నువ్వెలాగూ గాల్లోనే ఉంటావు.

పెద్ద కంపెనీ మూడో రోజుకి రాసింది. అంకెలేమంత తియ్యగా లేవు: వాడికి ముందు చాలామందే ఉన్నారు, ఎడమ సీటుకి ఏడెనిమిదేళ్ళు పట్టవచ్చు, బేస్ ఢిల్లీ అని ఉన్నదున్నట్టు చెప్పింది. కొత్త కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, "ఇవన్నీ జాయినింగ్ టైములో డిస్కస్ చేద్దాం సర్" అంది.

మొన్న సోమవారం వాడు నోటీసు ఇచ్చాడు. ఆరు నెలలూ పూర్తిగా పనిచేసి ఢిల్లీ వెళతాడట. నా సలహా వినలేదు, నా ప్రశ్నలు మాత్రం విన్నాడు. వాళ్ళమ్మకి ఈ తేడా ఎంత చెప్పినా ఎక్కడం లేదు. ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.